కొయ్యమ్మ ఓడెక్కిన ఏడు

విజయవాడ,
8 జూన్ 1997

పిన్నీ,

నీకూ, ఈ ఉత్తరం చదివి వినిపించే మాణిక్యమ్మ గారికీ నమస్కారాలు. మాణిక్యమ్మ గారూ, అంగన్‌వాడీలో పిల్లలకు చదివినట్టు గబగబా చదవకండి. మా పిన్ని మధ్యలో ఆపి అడుగుతుంది.

ఉద్యోగం వచ్చిందని చెప్పాను గాని, బస్సు కదిలే తొందరలో అదేం ఉద్యోగమో చెప్పలేకపోయాను. బెంజ్ సర్కిల్ వెనక సందులో, టైర్ల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. పేరు తీరసేవా సంఘం. నడిపేది కృపానందం గారని, ఓడరేవులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నేను ఉత్తరాలు టైపు చేస్తాను, ఫోనెత్తుతాను, వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిస్తాను. ఇదంతా ఒక ఓడ కోసం అంటే నవ్వుతావేమో.

బందరు దగ్గర గిలకలదిండిలో ఒక పాత తెరచాప ఓడ ఏళ్ళ తరబడి బురదలో ఒరిగి ఉంది. పేరు రత్నమాల. ఒకప్పుడు బియ్యం, ఉప్పు, పెంకులు వేసుకుని మద్రాసుకీ కొలంబోకీ తిరిగేదట. లారీలొచ్చాక దాన్ని అడిగినవాళ్ళు లేరు. సంఘం ఇప్పుడు దాన్ని కొన్నది. బాగుచేసి మళ్ళీ సముద్రంలో దింపుతారు. దానికి రెండు పనులు. మీరు ఎండబెట్టిన చేపల్ని చల్లపల్లిలో షావుకారు బసవయ్య గారు చెప్పిన ధరకు కాకుండా, మీరే ధర చెప్పి నేరుగా మద్రాసులో కొనేవాళ్ళకు పంపడం ఒకటి. లంకల్లో మంచినీళ్ళు అయిపోయినప్పుడు, తుఫాను పట్టినప్పుడు బియ్యం, నీళ్ళు, మందులు మోసుకెళ్ళడం రెండోది. రోడ్డు లేని ఊళ్ళకు రోడ్డు వేసేదాకా ఆగక్కర్లేదంటారు కృపానందం గారు.

ఇప్పుడు అసలు సంగతి. చందా ఇచ్చే విదేశీయులు వీలైనంతవరకు ఓడ పాత కలపతోనే బాగుచేయమన్నారు. కలప అంతా ఉంది, తెరచాప కట్టే కొయ్య ఒక్కటే లేదు. ఆరా తీస్తే, ఓడ మూలపడిన ఏడాది ఇసుకమొగ వాళ్ళు దాన్ని కొనుక్కెళ్ళి, చీకటి పడ్డాక వచ్చే పడవలకు దీపం పెట్టడానికి ఒడ్డున పాతుకున్నారని తెలిసింది. అంటే మన కొయ్యమ్మ! ఉప్పెన రోజున దాన్ని పట్టుకున్నవాళ్ళే మన ఊళ్ళో మిగిలారని, నన్ను చంకనేసుకుని నువ్వూ దాన్నే పట్టుకున్నావని చిన్నప్పటి నుంచి వింటున్నాను గదా. మనల్ని కాపాడినట్టే ఇంకా ఎంతమందినో కాపాడబోతోంది. ఊరంతా సంతోషిస్తుందనే నా నమ్మకం.

సర్పంచ్ గారికి ఆఫీసు తరఫున ఉత్తరం పంపించాం. టైపు చేసింది నేనే, కింద సంతకమూ నాదే. ఆయన చదివినప్పుడు నువ్వు దగ్గరుండి విను.

నీ సత్య

ఇసుకమొగ,
21 జూన్ 1997

చిరంజీవి సత్యశ్రీకి,

మీ పిన్ని గంగారత్నం చెబుతుంటే మాణిక్యమ్మ రాస్తున్నది. ఇక్కడ ఒంట్లో అందరికీ బాగానే ఉంది. వేట మొదలైంది గాని చేప పడటం లేదు.

నీ ఉత్తరం వచ్చింది. సర్పంచ్ గారికి వచ్చింది కూడా వలలు బాగుచేసుకునే పాకలో అందరి ముందూ చదివారు. ‘తమ గ్రామ తీరమున నిరుపయోగముగా పడియున్న పాత కొయ్య దుంగను’ అన్న చోట కాశీరావు ఆయన్ని ఆపాడు. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివారు.

“దుంగంటరా. విన్నారా? గంగారత్నం పెంచిన పిల్ల రాసింది. బడికి పంపిస్తే దుంగ అని రాయడం నేర్చుకొచ్చింది” అన్నాడు.

ఎవరో “పిల్ల రాసుండదులే మావా, ఆఫీసోళ్ళు రాయించుంటారు” అన్నారు.

“సంతకం ఎవరిదిరా మరి? మీ అత్తదా?” అన్నాడు.

నీకు తెలుసు గదా, ఆ రోజున తాడు తెచ్చి జనాన్ని కొయ్యకు కట్టింది అతనే. పుట్టిన ప్రతి బిడ్డనూ ముందు దాని దగ్గరికే ఎత్తుకెళ్తాం. పెళ్ళికూతురు అక్కడ పసుపు పూయందే అత్తారింటికి బయల్దేరదు. పుట్టెడు దుఃఖంలో మొక్కుకున్న కొయ్యని పొయ్యిలో పెట్టే కట్టెలాగా రాశావని అందరూ అంటున్నారు.

ఇంకేం రాయమంటావని అడిగితే మీ పిన్ని ‘చదివాం అని రాయి, చాలు’ అంటోంది.

ఇది నా మాట, ఆమె చెప్పింది కాదు. పాకలోంచి వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎండబెట్టిన చేపలు కాకులు ఎత్తుకుపోతున్నా లేవలేదు. నీ మీద కోపమో ఏమో నాకు తెలియలేదు. నువ్వే తెలుసుకుని రాయి.

మాణిక్యమ్మ

విజయవాడ,
2 జూలై 1997

పిన్నీ,

నీ కాళ్ళకు దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

ఆ మాటలు నావి కావు, కాని వాటి కింద సంతకం నాదే. సంఘం ఇంతకుముందు పాత ఇనుము కోసం ఒక మునిసిపాలిటీకి రాసిన ఉత్తరం ఫైల్లో ఉంటే, ఆఫీసు ఉత్తరం అలాగే ఉండాలనుకుని ఇనుము తీసేసి కొయ్య పెట్టాను. గ్రాంథికంగా ఉంటే మర్యాదగా ఉంటుందనుకున్నాను. చదువుకున్న దాన్ననిపించుకోవాలని కూడా ఉంది నాకు, అబద్ధం ఎందుకు చెప్పాలి. టైపు చేస్తున్నంతసేపూ నాకు కొయ్యమ్మ కళ్ళ ముందు కనపడలేదు. కామాలు సరిగా పడ్డాయా లేదా అని మాత్రం చూసుకున్నాను.

కాశీరావు పెదనాన్నకు నేను వేరే ఉత్తరం రాశాను. చింపేస్తాడేమో తెలియదు.

కృపానందం గారికి జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుని, ‘వాళ్ళ దేవుణ్ణి మనం అడక్కూడదమ్మా’ అన్నారు. కొత్త కొయ్య కోసం కాకినాడ వైపు మనిషిని పంపుతున్నారు. చందాదారులకు ఆయనే సర్దిచెబుతానన్నారు. కాబట్టి నువ్వు దిగులు పడకు. నేనుండగా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఈ మాట ఊళ్ళో అందరికీ చెప్పు.

నువ్వు ఇచ్చిన ఎండు మెత్తళ్ళు గదిలో పెడితే నా రూమ్‌మేట్ శ్రీదుర్గ మొదటి రోజు కిటికీలు తెరిచి కూర్చుంది. నిన్న వంకాయలో వేసి వండితే గిన్నె తుడిచి మరీ తిన్నది. ఇంకొంచెం తెప్పించమని అడుగుతోంది. అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఒక్క ముక్క రాయించు పిన్నీ. తిట్టయినా సరే.

నీ సత్య

ఇసుకమొగ,
ఆగస్టు 1997

సత్యా,

ఈ ఉత్తరం నేనే రాస్తున్నాను. మాణిక్యమ్మకు చెప్పలేదు. సెలవులకు వచ్చినప్పుడు రాత్రి బళ్ళో నువ్వే నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించావు. ఆ చెయ్యే ఇది. రోజుకు కాస్త రాస్తున్నాను. నిదానంగా చదువు.

కొయ్య వద్దని నీకు ఎవరు చెప్పారు. నేను చెప్పలేదే. నేను మాట్లాడకపోతే కోపమని నువ్వే అనుకున్నావు.

ఉప్పెన రోజున నా దగ్గర ఇద్దరు ఉన్నారు. నువ్వు ఎడమ చంకలో ఉన్నావు. నా కొడుకు చిట్టిబాబు నా మెడ పట్టుకుని ఉన్నాడు. నీకన్నా ఏడాది చిన్న. కాశీరావు తాడు తెచ్చి నా నడుముకీ కొయ్యకీ కట్టాడు. మీ అమ్మ అప్పటికే కనపడలేదు. నీళ్ళు తాటిచెట్లంత ఎత్తున వచ్చాయి. ఒక అల మమ్మల్ని ముంచి పోయింది. పోయాక చూస్తే నువ్వు ఉన్నావు. వాడు లేడు.

నేను ఎవర్నీ ఏరుకోలేదు. చెయ్యి వదల్లేదు. ఇది నువ్వు నమ్మాలి. నీ మీద వేసుకోకు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు. చిన్నపిల్లవి, మోయలేవు అనుకున్నా. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నావు, మోస్తావు.

ఏటా ఆ రోజున అందరూ కొయ్యమ్మకు నీళ్ళు పోసి పసుపు పూస్తారు. నేనూ పూస్తాను. బతికించిందని వాళ్ళు పూస్తారు. వాడి చెయ్యి ఆఖరుసారి తగిలిన చోటని నేను పూస్తాను. నేను ఎప్పుడూ మొక్కలేదు. ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు.

వాడు నీళ్ళలో ఉన్నాడు. ఇది ఇసకలో నిలబడి ఇరవై ఏళ్ళుగా అటే చూస్తోంది. అది ఓడ కొయ్య అని నువ్వు రాసినప్పుడు నాకు తెలిసింది. నీళ్ళ మీద తిరగాల్సింది. దుంగ అన్నా ఏమన్నా నాకు పట్టలేదు. సముద్రంలోకి పోతుందన్న మాటే నా చెవిలో ఉంది. అందుకే నోరు పెగల్లేదు.

దాన్ని పోనివ్వు. వాడున్న వైపు పోనివ్వు. నాకు నువ్వు చేయాల్సింది ఇదొక్కటే.

గంగారత్నం

విజయవాడ,
1 సెప్టెంబరు 1997

పిన్నీ,

నీ ఉత్తరం మడత పెట్టలేకపోతున్నాను. ఆఫీసులో రెండుసార్లు ఏమైందని అడిగారు. కంట్లో నలుసు పడిందన్నాను.

నమ్ముతున్నాను. నువ్వు రాసింది రాసినట్టే నమ్ముతున్నాను. నా మీద వేసుకోవద్దన్నావు. ప్రయత్నిస్తాను గాని మాటివ్వలేను.

హాస్టల్లో నన్ను దింపిన రోజున నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోయావు. ఆ కోపం చాలా ఏళ్ళు దాచుకున్నాను. తిరిగి చూస్తే నన్ను మళ్ళీ ఇంటికి తీసుకుపోయేదానివని ఇప్పుడు అనిపిస్తోంది. అంతేనా?

ఈసారి టైపు చేసి పంపను. దసరా సెలవులకు వచ్చి, పాకలో అందరి ముందూ నిలబడి నోటితోనే అడుగుతాను. నువ్వు నాకు చెప్పింది మాత్రం ఎవరికీ చెప్పను. అది నీది. కాశీరావు పెదనాన్న తిడితే పడతాను. కొయ్య నీళ్ళ మీదకి వెళ్ళేలా చూసే పూచీ నాది.

సత్య

ఇసుకమొగ,
30 నవంబరు 1997

చిరంజీవి సత్యశ్రీకి,

మీ పిన్ని మాటలు, మాణిక్యమ్మ రాత.

నువ్వు దసరాకు వచ్చి అడిగి వెళ్ళాక పాకలో చాలాసార్లు కూర్చున్నారు. నీ ముందు అన్నవి కాక వెనక అన్నవి చాలా ఉన్నాయి, అవి రాయొద్దంటోంది. ఆఖరికి కాశీరావే లేచి, “కొయ్యకి తాళ్ళేసి కట్టుకున్నోళ్ళం ఎంతమందిమి మిగిలాం? వాళ్ళు చెప్పాలి. తర్వాత పుట్టినోళ్ళకి ఏం తెలుసు” అన్నాడు. మిగిలినవాళ్ళంతా మీ పిన్ని మొహం చూశారు. ఏటా ముందు నీళ్ళు పోసేది ఆమే గదా, ఒప్పుకోదనుకున్నారు.

ఆమె “పోనియ్యండి” అంది. అంతకంటే ఒక్క మాట అనలేదు.

ఈ ఏటి ఉప్పెన రోజున నీళ్ళు పోసి పసుపు పూశాక, పక్కన తవ్వి తీశారు. బిడ్డలున్న ప్రతి తల్లీ వచ్చి ఒకసారి తాకించుకుంది. ట్రాక్టరు మీద ఎక్కించి కొత్త చీర కప్పాం. రోడ్డెక్కేదాకా ఆడవాళ్ళమంతా వెనకే నడిచాం. ఆడపిల్లను పంపినట్టే ఉంది. కాశీరావు మటుకు ఇంట్లోంచి బయటికి రాలేదు.

అడుగు వైపు నల్లగా ఉంటే బురద అనుకుని గోనెపట్టాలు చుట్టి పంపాం. కడిగించు. నిలబెట్టాక ఎలా ఉందో రాయమంటోంది మీ పిన్ని. తెరచాప ఏ రంగుదో కూడా రాయమంటోంది.

మాణిక్యమ్మ

విజయవాడ,
20 డిసెంబరు 1997

పిన్నీ,

కొయ్య క్షేమంగా చేరింది. షెడ్డులో నీడన పెట్టారు.

గిలకలదిండిలో పని జోరుగా ఉంది. ఓడ పక్కచెక్కల సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పోస్తున్నారు. ఆ వాసన బట్టలకు పట్టుకుని విజయవాడ బస్సులో కూడా వదలదు. మొన్న నా పక్కన కూర్చున్నావిడ ముక్కు మూసుకుని, నువ్వేం పని చేస్తావమ్మా అని అడిగింది. ఓడ కడుతున్నానంటే కిటికీ వైపు తిరిగిపోయింది. తెరచాప నూలుది, ఇంకా రంగు వేయలేదు. ఓడ ముందుభాగం చెక్కలు మూడొంతులు పాతవే మిగిలాయి. కృపానందం గారు రోజూ బందరు వెళ్తున్నారు. ఆయనకు మోకాళ్ళ నొప్పులు, అయినా నిచ్చెనెక్కి చూస్తారు.

చలి పెరిగింది. నువ్వు తెల్లారకట్ల ఒడ్డుకు వెళ్ళేటప్పుడు తలకు గుడ్డ కట్టుకో.

సత్య

ఇసుకమొగ,
11 జనవరి 1998

చిరంజీవి సత్యశ్రీకి,

మాణిక్యమ్మ రాస్తున్నది. మీ పిన్ని చెప్పింది చెప్పినట్టే రాయమంది, అలాగే రాస్తున్నాను.

“దూది గురించి రాసింది, గుగ్గిలం గురించి రాసింది, బస్సులో ఆవిడ గురించి రాసింది. కొయ్య గురించి ఒక్క ముక్క. పై వరసలో మంచి చేపలు పేర్చి అడుగున మెత్తబడ్డవి పెట్టిన బుట్టలు నేను ఎన్ని చూళ్ళేదు? ఏముందో అడుగున, తిరగేసి చూపించమను.”

ఇంకో సంగతి. ఓడ నీళ్ళలో దింపే రోజున చూడటానికి మన ఆడవాళ్ళంతా లారీ మాట్లాడుకుంటున్నారు. కొయ్యమ్మ నెత్తిన తెరచాప ఎగిరితే చూడాలని చూపు సరిగా ఆనని ముసలమ్మలు కూడా బయల్దేరుతున్నారు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయి.

మాణిక్యమ్మ

విజయవాడ,
19 జనవరి 1998

పిన్నీ,

బుట్ట తిరగేస్తున్నాను.

మీరు బురద అనుకున్నది బురద కాదు. ఇసకలో ఉన్న భాగం ఉప్పునీటికి కుళ్ళింది. కడుగుతుంటే చేతికి వచ్చింది. కుళ్ళు అక్కడితో ఆగకుండా లోపల మనిషెత్తు పైదాకా పాకింది. అంత మేర గుల్ల. మేస్త్రి సుత్తితో కొట్టుకుంటూ పోయాడు, నేను పక్కనే నడిచాను. శబ్దం బోలుగా వచ్చిన ప్రతి చోటా సుద్దముక్కతో గీత పెట్టాను. దాన్ని నిలబెట్టి తెరచాప కడితే మొదటి గాలికే విరుగుతుంది. రత్నమాలకు కాకినాడ నుంచి వేరే కొయ్య వస్తోంది.

ఊరంతా కడుపు కోసుకుని ఇచ్చింది ఇది. ఇటు ఓడకూ పనికిరాదు, అటు తీసుకెళ్ళి మళ్ళీ పాతినా నిలవదు. ఈ మాట రాయలేక దూది గురించి రాశాను.

కృపానందం గారు పెద్దమనసుతోనే ఒకటి అన్నారు. మంచిగా ఉన్న పై భాగాన్ని నునుపు చేసి, వార్నిష్ వేసి, ఆఫీసు హాల్లో నిలబెట్టి, ఉప్పెన సంగతి ఇత్తడి రేకు మీద రాయించి పెడదామని. వచ్చిన ప్రతి ఒక్కరూ దండం పెట్టుకుని వెళ్తారమ్మా అన్నారు. చందాదారులకూ నచ్చిందట. జీవితంలో మొదటిసారి నేను ఆయనకు ఎదురు చెప్పాను. బెంజ్ సర్కిల్లో, టైర్ల కొట్టు మీద, ఫ్యాను కింద అది ఉండటానికి వీల్లేదన్నాను. కారణం అడిగారు. చెప్పలేదు. చెప్పనని నీకు మాటిచ్చాను గదా. మొండిదానివి అన్నారు. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

మేస్త్రి ఒక దారి చెబుతున్నాడు. ఏరు సముద్రంలో కలిసే మన మొగల్లో లోతు లేదు, రత్నమాల ఒడ్డు దాకా రాలేదు. నీళ్ళైనా బియ్యమైనా ఓడలోంచి ఒక చిన్న పడవలోకి దించుకుని ఒడ్డుకు తేవాలి. ఆ పడవ ఇంకా కట్టలేదు. కొయ్యలో మంచిగా ఉన్నది దాని అడుగు దూలానికి సరిగ్గా సరిపోతుందట. అడుగు దూలమంటే ఎప్పుడూ నీళ్ళలోనే ఉండేది. అయితే అందుకు దాన్ని రంపంతో నిలువునా కోయాలి.

నిలబడి ఉన్నదాన్ని పడగొట్టించాను. ఇప్పుడు కోయిస్తాననడానికి నాకు నోరు రావడం లేదు. నువ్వు వద్దంటే షెడ్డులో అలాగే ఉంచి, ఎవర్నీ తాకనివ్వను. కోయమంటే రంపం పెట్టేటప్పుడు నేను దగ్గరుంటాను. చెప్పు.

సత్య

ఇసుకమొగ,
ఫిబ్రవరి 1998

సత్యా,

మళ్ళీ నేనే రాస్తున్నాను.

నీ ఉత్తరం మాణిక్యమ్మ చేత పాకలో చదివించాను. దాచితే ఇంకో బుట్ట అవుతుంది. గగ్గోలు పుట్టింది. కాశీరావు నా మీదకే వచ్చాడు. “కుళ్ళిందని ముందే తెలిస్తే ఇచ్చేవోళ్ళమా? అమ్మోరిని రంపంతో కోయిత్తావా?” అన్నాడు.

అప్పుడు అన్నాను. “మావా, నువ్వు నా నడుముకి కట్టిన తాడు ముడి విప్పేటప్పటికి నా మెడ మీద పిల్లోడు లేడు. నువ్వు చూశావు. చూసి ఇన్నేళ్ళూ నన్నొక్క మాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నా. అది వాడి దగ్గరికి పోవాలి. నిలబడి పోతే ఏంది, పడుకుని పోతే ఏంది.”

కాశీరావు కండువా మొహాన కప్పుకుని కూర్చున్నాడు. నువ్వు దాచిపెడతానన్న మాట నేనే బయట పెట్టాను. ఇక నీకు ఆ బరువు లేదు. మీ పెద్దాయనకు కూడా చెప్పు, పాపం, ఎందుకు ఎదురు తిరిగావో ఆయనకు తెలియాలి.

కోయించు. దగ్గరుండు. రంపపు పొట్టు పారెయ్యకుండా కాలవలో కలుపు.

ఓడ దింపే రోజుకు నేను రాను. వాళ్ళంతా వస్తారు. నాకు జనంలో వద్దు. నువ్వు ఆ చిన్న పడవలో మొదటిసారి వెళ్ళినప్పుడు మొగ దాటే చోట ఒక్కసారి వాణ్ణి పేరు పెట్టి పిలువు. ఆ రోజు నుంచి నేను ఆ పేరుతో ఎవర్నీ పిలవలేదు. నువ్వు తోడపుట్టిన దానిలాంటి దానివి, నువ్వు పిలవొచ్చు.

గంగారత్నం

విజయవాడ,
24 మే 1998

పిన్నీ,

ఇంటికి వచ్చి స్నానం చేయకుండానే కూర్చుని రాస్తున్నాను. చేతులకు ఇంకా ఉప్పు ఉంది.

ముందు సరుకు సంగతి చెప్పేస్తాను. ఎండలకు లంకల్లో బావులన్నీ ఉప్పుబారాయని కబురొస్తే, మద్రాసు ప్రయాణం పక్కన పెట్టి రత్నమాల మొదట అక్కడికే వెళ్ళింది. గిలకలదిండిలో మంచినీళ్ళ డ్రమ్ములు, బియ్యం ఎత్తాం. లోతు చాలక ఓడను దూరంగా నిలిపి, చిన్న పడవ దించాం. అక్కడి ఆడవాళ్ళు పీకల్లోతు నీళ్ళలోకి ఎదురొచ్చి డ్రమ్ములు పట్టుకున్నారు. తిరుగు ప్రయాణంలో వాళ్ళ ఎండుచేపలు ఎక్కించాం. ధర మీరే చెప్పాలి అంటే అమలమ్మ అనే ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఎప్పుడూ చెప్పలేదమ్మా, ఎట్టా చెప్పాలో తెలీదు” అంది. పక్కావిడ పొడిస్తే ఒక మాట అంది. అది మరీ తక్కువ. మిగిలినవాళ్ళంతా ఆవిణ్ణి తిట్టి ఇంకొకటి చెప్పించారు. కృపానందం గారు సరే అన్నాక కూడా వాళ్ళకు నమ్మకం కుదరలేదు, మళ్ళీ చెప్పించుకున్నారు.

తెడ్లు వేయడానికి మన కాశీరావు పెదనాన్న వచ్చాడని నీకు తెలుసా? ఓడ దింపిన రోజున లారీలో వచ్చినవాడు తిరిగి వెళ్ళలేదట. షెడ్డులోనే పడుకుని, ‘ఆ చిన్న పడవకి నేను లేకుండా ఎవడు తెడ్డేస్తాడో చూస్తా’ అన్నాడట. మొదటిసారి ఒడ్డుకు బయల్దేరడానికి నేను పడవలోకి దిగుతుంటే, “టైపుమిషను కూడా తెచ్చుకున్నావా? ఏదన్నా దుంగ కనపడితే రాసుకుందువుగాని” అన్నాడు. చెయ్యి అందించి దించింది కూడా ఆయనే.

కూర్చున్నాక కాళ్ళ కిందికి చూశాను. అడుగు దూలం కొత్తగా నూనె పట్టి నల్లగా మెరుస్తోంది. చెప్పులు విప్పేశాను. అప్పుడు గమనించాను, తెడ్లు వేసేవాళ్ళు నలుగురూ చెప్పులు ఓడలోనే వదిలి వచ్చారు.

మొగ దగ్గర నది నీళ్ళూ సముద్రం నీళ్ళూ రంగు మారే చోట నేను లేచి నిలబడ్డాను. ముందు లోపలే ఒకసారి అనుకుని చూశాను. నా జీవితంలో ఎప్పుడూ పిలవని పేరు గదా. కాసేపటికి పిలిచాను. చిట్టిబాబూ అని. నా గొంతు నాకే వేరేగా వినపడింది. ఎవరో నీళ్ళలో పడ్డారనుకుని ఓడ మీంచి కృపానందం గారు కేకేశారు. తెడ్లు ఆగిపోయాయి. ఏం చేయాలో తెలియక నేను కూర్చోబోయాను.

కాశీరావు పెదనాన్న నా వైపు చూడలేదు. సముద్రం వైపే చూస్తూ, “ఇంకోసారి పిలువమ్మా. గాలి మనకి ఎదురొస్తంది. వినపడి ఉండదు” అన్నాడు.

రెండు చేతులూ నోటి చుట్టూ దోనెలా పట్టి గట్టిగా పిలిచాను. ఈసారి పోయింది పిన్నీ, దూరంగా పోయింది.

ఆ తర్వాత ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకుని తనూ లేచాడు. “బుల్లెమ్మా” అని పిలిచాడు. ఆమె ఎవరో నేను అడగలేదు. నీకు తెలిసే ఉంటుంది. వెనకున్న ఆయన ఇంకెవరినో పిలిచాడు. నలుగురూ పిలిచారు, ఒకరి తర్వాత ఒకరు, ఒకరి పేరు గాలిలో పోయేదాకా ఆగి ఇంకొకరు. పడవ అంతసేపూ అక్కడే ఊగుతూ నిలబడింది.

ఆఖరాయన కూర్చున్నాక తెడ్లు వేశారు. ఒడ్డున జనం బిందెలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు.

సత్య